పడేసే పెన్ను

పెట్ట అంటే పెట్ట. ఎన్నిసార్లు ట్యాగ్ చేస్తరో చెయ్యుండ్రి. రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పడేస్తే మనిషినైత, పడెయ్యకుంటే రాక్షసినైతనా? పొద్దుగాల్నుంచి ఫోన్ వేడెక్కి చెయ్యి కాలుతున్నది. "మహానుభావుడు" అని ఒకడు. "మా బ్యాచ్‌కు వెన్నెముక" అని ఇంకొకడు. ఈ వెన్నెముక అన్నోడు సార్ క్లాసుల వెనక బెంచీ మీద నోరు తెర్సుకోని పండుకునెటోడు. వెన్నుల పూసలెన్నో వానికి ఇప్పటికీ తెల్వది.

అవును, సార్ పోయిండు. నిన్న పొద్దుగాల తానం చేసి వచ్చి, కుర్చీల కూసోని, చాయ్ తాక్కుంటనే పోయిండట. నొప్పి అని ఒక్క మాట అన్లేదట. అదృష్టవంతుడు అంటున్నరు అందరు. నేను కూడ అదే అంటున్న. నొప్పి అనకుంట పోయిండు కాబట్టి, "నాటకం" అని చిటికె ఏసెటోడు ఎవడు లేకపాయె.

మా క్లాస్ లీడర్ సీఆర్ గ్రూపుల మెసేజ్ పెట్టిండు. "అందరు సార్ ఫోటోలు, వీడియోలు పంపుండ్రి. సాయంత్రం సంతాప సభల స్క్రీన్ మీద వేస్తం." కింద నా పేరు కొట్టి ఇంకో మాట: "నీ దగ్గర మస్తుంటయి గద, ఎప్పుడు ఫోన్ పట్కునే ఉంటుంటివి."

ఉన్నయి. రెండున్నయి.

"సార్ గురించి నాకు మంచి మాట రాదు, నన్ను వదిలెయ్యుండ్రి" అని పెట్టిన. తర్వాత సీఆర్ మర్యాదగ: "పోయినోళ్లను ఏమనొద్దు. బాగుండది."

సరే. ఏమనను. ఆయన ఎట్లుండెటోడో, ఏం చేసెటోడో చెప్త. అంతే.

నాది హైదరాబాద్. ఫిజియోథెరపీ అయినంక పీజీల ఒక కొత్త కోర్సుల చేరిన. మనిషి ఎముకలు, కీళ్లు, కండరాలు ఎట్ల పనిచేస్తయి, ఎట్ల ఖరాబైతయి అని చదివే కోర్సు. దాంట్ల అందరు ఒక్క చదువోళ్లు ఉండరు. ఎముకల డాక్టరు, నా అసొంటి ఫిజియోలు, మెషిన్లు చదివిన ఇంజనీర్లు, అందరిని ఒక్క రూముల కూసోబెడ్తరు. ఒక సెమిస్టరు మాత్రం గోదావరిఖనిల. సార్‌కు చౌరస్తా కాడ సొంత క్లినిక్కు, దాని మీది అంతస్తుల మా క్లాసు. మొదటి దినం నేను మొఖం ముడ్సుకోని కూసున్న. చెమట, దుమ్ము, సిగ్నల్ రాదు. సార్ చూసిండు.

"ఏం సిటీ, నచ్చలేదా మా ఊరు?"

"ఈ క్లాసులు హైదరాబాద్‌లనే చెప్పొచ్చు గద సార్."

"హైదరాబాద్‌ల పుస్తకాలుంటయి బిడ్డా. నడుములు ఈడుంటయి."

క్లాసు మొత్తం నవ్వింది. నేను కూడ నవ్విన. ఆ మాటను స్టేటస్ కూడ పెట్టుకున్న. ఆ దినం నుంచి నా పేరు పోయింది. కోర్సు అయ్యేదాక "సిటీ"నే.

మనిషి అల్లాటప్పా మనిషి కాదు. నాకు మంట అదే. చేతకానోడైతే ఎప్పుడో మాఫ్ చేసేదాన్ని.

ప్లాస్టిక్ వెన్నుపూసల వరస ఒకటుండె ఆయనకు, తీగకు గుచ్చింది. దాన్ని మెడల ఏసుకోని పాఠం చెప్పెటోడు, పెండ్లికొడుకు దండ ఏసుకున్నట్టు. చెప్పుకుంట చెప్పుకుంట దాని తోక కొసను వేళ్లతోని తిప్పుతుండెటోడు. మూలకున్న అస్థిపంజరం చేతికి ఆయన టిఫిన్ డబ్బా వేలాడుతుండె. పన్నెండు కొట్టంగనే "వీడొక్కడే ఈ రూముల అబద్ధమాడనోడు" అని ఆ చెయ్యి పట్టి ఊపి డబ్బా తీస్కునెటోడు. దినం అదే మాట. దినం మేము నవ్వాలె.

క్లాసు అయినంక కింద హోటల్ల చాయ్. ఆ చాయ్ కూడ క్లాసే. షిఫ్టు వదిలి జనం వస్తుండె, సార్ గ్లాసు పట్కోని చూస్తుండె.

"అగో, ఆ నీలం అంగి. ఎడమ మోకాలు. సైకిల్ దిగేటప్పుడు చూడుండ్రి."

చూస్తుంటిమి. నీలం అంగి మనిషి దిగేటప్పుడు ఎడమ కాలును రెండు చేతుల్తోని ఎత్తి కింద పెట్టుకునెటోడు.

"ఆ బురఖా అమ్మకు తుంటి. కుట్టుమిషన్ తొక్కుతది."

ఒకపారి ఉండబట్టక నేను ఉరికి పోయి ఆమెను అడిగిన. "హౌ బేటీ, జమానేసే మిషన్ చలాతుం. తుమ్‌కు కైసే మాలూమ్?" అని, ఎన్నో ఏండ్లసంది తొక్కుతున్న, నీకెట్ల తెల్సు అన్నట్టు, నా మొఖం దిక్కు పరేశాన్ అయి చూసింది. నేను వెనక్కి తిరిగి సార్‌ను చూసిన. ఆయన బిస్కెట్ చాయ్‌ల ముంచుకుంటున్నడు, ఏం కానట్టు.

మా ఇంజనీరు పోరడొకడు ఒకనాడు "సార్, కీలు అంటే బేరింగు లెక్కనే గద?" అన్నడు. "సగం నిజమే" అన్నడు సార్. "బేరింగు అరిగితే బేరింగును మారుస్తరు. కీలు అరిగితే మనిషినే మారుస్తరు." ఆ దినం ఎవ్వరం చాయ్ తాగలే సక్కగ. గంత మాట అన్న మనిషే చూడుండ్రి, తర్వాత ఏం చేసిండో.

ఆయనకు ఒక పిచ్చి ఉండె. నొప్పి ఉన్నదని వచ్చినోన్ని నమ్మెటోడు కాదు. "నొప్పికి నోరు లేదు. మాట్లాడేది మనిషి. మాట్లాడెటోన్ని నమ్మకుండ్రి." ఓపెన్‌కాస్టు బొగ్గు గనులల్ల మట్టి తీసే కాంట్రాక్టర్లు కొందరు డ్రైవర్లను ఆయన కాడికే తోలెటోళ్లు. నడుము నొప్పి, డంపర్ బండి మీద కూసోలేను, తేలిక పని ఇయ్యుండ్రి అని అడిగెటోళ్లను. వీనికి నిజంగ ఉన్నదా, వేషమేస్తున్నడా, సార్ చెప్పాలె. సార్ మాటే ఆఖరు. ఆయన వాళ్లను మా క్లాసుకు తెప్పిచ్చెటోడు. మాకు కేసు దొరికినట్టయితది, కాంట్రాక్టర్‌కు జవాబు దొరికినట్టయితది.

సార్ ముచ్చట పెట్టుకుంట పెట్టుకుంట డ్రైవర్ కాలు పట్టి లేపెటోడు. మంచం మీద పండుకున్నప్పుడు "అమ్మో" అన్న కాలు, కూసోని ముచ్చట పెడ్తుంటే లేచిందా? చిటికె. "నాటకం!" ఆ చిటికె ఏసేటప్పుడు ఆయన మొఖం చూడాలె. పతంగి కోసిన పోరని మొఖం.

ఇంక పెన్ను. సార్ జేబుల రెండు పెన్నులుంటుండె. నల్లది రాసేది. ఎర్ర టోపీది పడేసేది. అంత అయిపోయి డ్రైవరు అంగి తొడుక్కుంటుంటే చెయ్యి తగిలినట్టు ఎర్రపెన్ను కింద పడేసెటోడు. "అరె, పడ్డది. జర తీస్తవా?" వంగి తీసిండంటే అయిపాయె. చిటికె. మేము కూడ చప్పట్లు కొడుతుంటిమి మొదట్ల. ఏదో మ్యాజిక్ షో లెక్క.

కాక వచ్చేదాక.

కాక అంటే నా సొంత కాక కాదు. గోదావరిఖనిల నేను రెంటుకున్న ఇంటాయన. కమాన్‌పూర్ దిక్కు ఓపెన్‌కాస్టుల ఒక కాంట్రాక్టర్ కాడ డంపర్ నడిపెటోడు. ఇంటికి వస్తే కుర్చీల కూసోడు. గోడకు వీపు ఆనించి నిలబడే తింటడు. చిన్నమ్మ, అంటే ఆయన భార్య, కంచం చేతికిచ్చుకుంట "గుర్రం లెక్క నిలబడి తింటవు, నిలబడి పంటవేమో రేపటికెళ్లి" అంటుండె. "గుర్రానికి గడ్డి వేస్తరే, నువ్వు మాడిన రొట్టె వేస్తవు" అనెటోడు కాక. నాకు మస్తు నచ్చెటోడు. ఆయనకు ఒక్కటే ఆశ. బండి దిగి కాంటా కాడ కూసునే పని. బొగ్గు లారీలు తూకమేసే కాడ.

ఒకనాడు క్లాసు తలుపు తెర్సుకోని కాకనే వచ్చిండు. కాంట్రాక్టర్ తోలిండు. నన్ను చూసి నవ్విండు, తెలిసినోళ్లు ఉన్నరు ఫికర్ లేదు అన్నట్టు.

ఆ దినం పాఠం, వీపు మీద వేళ్లతోని పూసలు ఎట్ల పట్టాలె అని. కాక అంగి బనీను ఇప్పి నిలబడ్డడు. మేము ఒక్కొక్కళ్లం వచ్చి పూస దొరికిన కాడల్ల స్కెచ్‌పెన్నుతోని చుక్క పెట్టినం. నడుము మీద నల్ల చుక్కల వరస. ఆ చుక్కల సంగతి సారే మొదటి వారం చెప్పిండు. "నడుము వంగితే తోలు సాగుతది. చుక్కకు చుక్కకు దూరం పెరుగుతది. పెరగలేదంటే నడుము వంగనట్టే. మనిషి అబద్ధమాడుతడు గాని తోలు ఆడది." ఇది యాదిపెట్టుకోండ్రి.

నేను ఫోన్‌ల రికార్డు పెట్టిన. కాకను అడిగిన, తీయనా అని. "తియ్యి బిడ్డా, చిన్నమ్మకు చూపెడ్దం" అన్నడు.

"ఏం కాకా, ఎక్కడ నొప్పి?" సార్ మొదలువెట్టిండు.

"గిక్కడికెళ్లి సార్, పిర్రలకెళ్లి ఎడమ కాలు ఏలుదాక గుంజుతది. బండి గుంతల పడ్డప్పుడల్ల పాణం పోయి పాణం వస్తది."

"నిలబడితే?"

"నిలబడితే జర నయం. కూసుంటెనే ఎక్కువ."

"కూసుంటె ఎక్కువంటవు, మల్ల కాంటా కాడ కూసునే పని అడుగుతవు?"

క్లాసు నవ్వింది.

"గా కుర్సీ ఎగురది గద సార్" అన్నడు కాక.

క్లాసు మల్ల నవ్వింది. ఈసారి సార్ నవ్వలే. నేను చూసిన. ఆయనకు అలవాటు లేదు, ఎదుటోడు నవ్విపిచ్చుడు.

చేతి రుమాలుతోని వేళ్లు తుడుసుకున్నడు. కాక వెనక్కి తిరిగి బనీను అందుకుంటున్నడు. ఎర్రపెన్ను పడ్డది. దొర్లుకుంట పోయి కాక బొటనవేలు కాడ ఆగింది.

"అరె, పడ్డది. జర తీస్తవా కాకా?"

కాక పెన్ను దిక్కు చూసిండు. సార్ దిక్కు చూసిండు. ఒక చెయ్యి బల్ల మీద ఆనిచ్చిండు. ఎడమ కాలు వెనక్కి జరిపి, కుడి మోకాలు మడిచి, మెల్లగ కిందికి దిగిండు, బాయిలకు బొక్కెన దిగినట్టు నిలువునా. పళ్లు కరిసి పెట్టుకున్నడు. పెన్ను తీసిండు. కండ్లకద్దుకున్నడు. బల్ల పట్కోని లేచి, రెండు చేతుల్తోని ఇచ్చిండు. "తీస్కోండ్రి సార్."

చిటికె. "నాటకం!"

"సార్, ఆయన వంగలే…" అన్న నేను.

"నువ్వు ఫోన్ చూస్కో సిటీ."

కాకకు ఏం సమజ్ కాలే. చిటికె ఏస్తే నవ్విండు పాపం. "అయిపోయిందా సార్?"

"అయిపోయింది కాకా. అంగి తొడుక్కో."

ఇంటికి పోయేసరికి కాక చిన్నమ్మకు చెప్తున్నడు. "శానాసేపు చూసిండే. గంత పెద్ద సారు. వీపంత చుక్కలు పెట్టి చూసిండ్రు. గీ సారు రాస్తే ఇస్తరు కాంటా పని."

నేను నోరు తెరవాలె. తెరిసిన. జరిగింది జరిగినట్టు చెప్పిన. కాక నమ్మలే. "పెన్ను తీస్తే నొప్పి లేనట్టా? గదేం లెక్క?"

"గంత నొప్పి ఉండంగ ఎందుకు తీసినవ్ కాకా? రాదు సార్ అంటే అయిపోతుండె గద."

"కాలు తగిలేటట్టున్నది బిడ్డా. పెన్ను గద, సదువు గద. గంత పెద్దమనిషి వంగి తీస్తుంటే నేను నిలబడి చూడాల్నా?"

చిన్నమ్మ పొయ్యి కాడికెళ్లి అన్నది, "ఈనకు మర్యాద ఇచ్చిండు దేవుడు, తెలివి ఇయ్యలే."

ఆ వీడియోను నేను ఆపి ఆపి చూసిన. కాక నిలబడ్డప్పటిది ఒక బొమ్మ, పెన్ను తీస్తున్నప్పటిది ఒక బొమ్మ. పక్కపక్కన పెట్టి ఇంజనీరు పోరనితోని కొలిపిచ్చిన. చుక్కలు ఇంచు కూడ జరగలే. దిగింది మోకాలు, దిగింది తుంటి. నడుము కట్టె లెక్క ఉన్నది. సార్ పాఠమే, సార్ క్లాసులనే, సార్ కండ్ల ముంగటనే.

ఆ వారమే నా సెమినార్. బయటి కాలేజీకెళ్లి ఇద్దరు మేడమ్‌లు కూడ వచ్చి కూసున్నరు. నేను వేరే టాపిక్ చెప్పాలె. చెప్పలే. ఆ రెండు బొమ్మలు గోడ మీద వేసిన.

"సార్, మీరే చెప్పిండ్రు. నడుము వంగితే చుక్కలు దూరం జరగాలె. ఇవి జరిగినయా?"

సార్ లేచిండు. గోడ దగ్గరికి పోయిండు. కండ్లద్దాలు తీసి, తుడిసి, పెట్టుకోని చూసిండు. "వీడియో వెయ్యి" అన్నడు. వేసిన. "ఇంకోపారి." వేసిన. కాక పెన్నును కండ్లకద్దుకునే కాడ ఆయన చెయ్యి లేపిండు, ఆపమని.

ఒప్పుకుంటడనుకున్న. ఒట్టు, అప్పటిదాక నాకు ఆయన మీద గౌరవమే.

"ఫోన్ మంచిగుంది సిటీ" అన్నడు. "కెమెరా బాగ వస్తున్నది." పోయి ఆయన కుర్చీల కూసున్నడు. "నెక్స్ట్ ఎవరు?"

మెట్ల మీద పట్టుకున్న. "ఒక్క ఫోన్ సార్. కాంట్రాక్టర్‌కు ఒక్క ఫోన్ చెయ్యుండ్రి. పొరపాటైంది అని కూడ కాదు, మల్లోపారి చూసిన అని చెప్పుండ్రి."

"ఇచ్చిన మాట ఇయ్యాల వాపస్ తీస్కుంటే, రేపు నా మాట ఎవడు నమ్ముతడు బిడ్డా?" నా భుజం మీద తట్టిండు. ప్రేమతోనే తట్టిండు. అది ఇంకా కాలుతది నాకు.

కాక మల్ల డంపర్ ఎక్కిండు. కాంట్రాక్టర్ యార్డుల ఆయన పేరు మారింది. "ఏం నాటకం కాకా, ఇయ్యాల ఏ వేషం?" అని పిలుసుడు. పొద్దుగాల టిఫిన్ కాడ అదే, టైర్లకు గాలి కొట్టే కాడ అదే. కాక మొదట్ల నవ్వి ఊకున్నడు. తర్వాత నవ్వుడు బంద్ చేసిండు. వానకాలం వచ్చింది. క్వారీ రోడ్డు మొత్తం గుంతలు. ఒకనాడు బండి నిచ్చెన దిగుతుంటే ఎడమ పాదం మెట్టు మీద నిలవలే. జారి కింద పడ్డడు. పడ్డ దెబ్బ దవాఖానల తగ్గింది గాని పాదం మల్ల లేవలే. నడుముల నరం నలిగి నలిగి అట్లయింది. ఇప్పటికీ నడుస్తుంటే ఆ పాదం నేలకు టపటప కొట్టుకుంటది. చెప్పు నిలవది. చిన్నమ్మ పాత సైకిల్ ట్యూబు కోసి, చెప్పును కాలుకు కట్టి తోలుతది. బండి పోయింది. కాంటా ముచ్చటే లేదు. చిన్నమ్మ నాలుగిండ్లల్ల వంట చేస్తది.

ఇగ రెండో వీడియో.

కోర్సు అయినంక నేను మంచిర్యాలల ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌ల చేరిన. పోయిన వానకాలం ఒకనాడు పరదా జరుపుకోని ఎవరో లోపటికి వచ్చిండ్రు. చూస్తే సార్. ఇస్త్రీ అంగి, లోపట నడుముకు బెల్టు. ఖనిల సార్‌ను అందరు గుర్తుపడ్తరు గద. అందుకే గోదావరి దాటి వచ్చిండు, ఎవ్వలకు తెల్వకుంట చూపిచ్చుకుందామని. నన్ను చూసి గుమ్మంలనే ఆగిండు.

"సిటీ! నువ్వు ఈడనా?"

"ఈడనే సార్. నడుములు ఈడుంటయి గద."

నవ్వబోయిండు, నడుము పట్టుకున్నడు. ఫోన్ బల్ల మీద స్టాండుకు పెట్టిన. కొత్తగ వచ్చినోళ్ల నడక, కూసునుడు అన్ని రికార్డు చేస్తం మా కాడ. "తీయనా సార్?" అంటే తలకాయ ఊపిండు.

"ఎక్కడ నొప్పి సార్?"

"పిర్రల నుంచి కిందికి గుంజుతది. ఎడమ దిక్కు."

"కూసుంటే?"

"కూసుంటెనే ఎక్కువ."

ఆ మాట ఆయన చెవులకు కూడ వినబడ్డట్టుంది. కిటికీ దిక్కు చూసిండు.

నేను జేబు దిక్కు చూసిన. రెండు పెన్నులున్నయి. "పెన్ను ఇస్తరా సార్, రాసుకుంట." నల్లది తీసిండు. "అది కాదు సార్. ఎర్రది."

ఇచ్చిండు. రాస్తే పడలే. ఇంకోపారి గీసిన. పడలే. టోపీ తీసి, మూతి తిప్పి చూస్తే లోపట రీఫిల్లు లేదు. ఖాళీ గొట్టం.

"ఎన్నడు లేకుండెనా సార్ దీంట్ల?"

"దానితోని రాసేదేముంది" అన్నడు.

పెన్ను పడెయ్యాలని అప్పటిదాక నేను అనుకోలే, నిజంగ. ఆ ఖాళీ గొట్టం చూడంగనే అనుకున్న. కాక కండ్లకద్దుకున్నది గీ గొట్టాన్ని. సదువు అనుకోని అద్దుకున్నడు. నేను దాన్ని ఆయన బూటు ముంగటికి పడేసిన.

"అరె, పడ్డది. జర తీస్తరా సార్?"

సార్ నన్ను చూసిండు. రాదు బిడ్డా అనొచ్చు. అన్లే. ఒక చెయ్యి బల్ల మీద ఆనిచ్చిండు. ఎడమ కాలు వెనక్కి జరిపి, కుడి మోకాలు మడిచి, కట్టె లెక్క నిలువునా దిగిండు. పళ్లు కరిసి పెట్టుకున్నడు. పెన్ను దొరికింది. లేసుడే కాలే. అక్కడనే నేల మీద, మోకాలు మీద ఉండి తల పైకెత్తిండు.

"వీడియో నడుస్తున్నదా?"

"నడుస్తున్నది సార్."

"చుక్కలు పెట్టలే గద నువ్వు" అన్నడు. "చుక్కలు లేకుంటే ఏం రుజువైతది?"

అంటే ఆనాడు గోడ మీద చూసినప్పుడే తెల్సు ఆయనకు. రెండోపారి వెయ్యి అన్నప్పుడే తెల్సు. ఫోన్ మంచిగుంది అన్న మనిషికి అంత తెల్సు. పొరపాటు చేసినోన్ని తిట్టి ఊకోవచ్చు. తెల్సి ఊకున్నోన్ని ఏం చెయ్యాలె?

చంకల కింద చేతులేసి లేపిన. మంచం మీద పండబెట్టి చెయ్యాల్సింది చేసిన. డ్యూటీ గద. పోయేటప్పుడు తలుపు కాడ అడిగిన. "ఇప్పుడన్న కాకకు ఒక్క మాట చెప్పుండ్రి సార్. ఉద్యోగం ఇప్పియ్యకుండ్రి. నీది నాటకం కాదు అని చెప్పుండ్రి. ఇగో నంబర్." ఫోన్ ముంగట పెట్టిన.

"చూద్దం" అన్నడు. నంబర్ తీస్కోలే. ఎర్రపెన్ను మాత్రం తీస్కోని జేబుల పెట్టుకున్నడు.

ఆయన చూసింది లేదు, చేసింది లేదు. నిన్న చాయ్ తాక్కుంట పోయిండు.

మంచిర్యాలల బస్సు ఎక్కి ఇయ్యాల నేను ఖనికొచ్చిన. సభకు కాదు, కాక ఇంటికి. కాక గోడకు ఆని నిలబడి అన్నం తింటున్నడు.

"కాకా, సార్ పోయిండు."

ముద్ద ఆగింది. "ఏ సారు? పెన్ను సారా?"

"ఆ."

"మంచిగైంది" అన్నడు. ముద్ద నోట్ల పెట్టుకున్నడు.

చిన్నమ్మ చేతిల గంటె పట్కోని ఉరికొచ్చింది. "ఏం నోరయ్యా నీది! పోయినోన్ని అనొద్దు, పాపం తాకుతది."

"పోయినోన్ని అనొద్దా? నన్ను బతికుండంగనే అన్నడు గదనే. ఆయనకు తాకిందా?"

చిన్నమ్మ మల్ల పొయ్యి కాడికి పోయింది. ఈ మాటకు జవాబు సీఆర్ కాడ ఉన్నదేమో అడగాలె.

కాకకు రెండు వీడియోలు చూపెట్టిన. సార్ మోకాలు మీద దిగేది చూసి ఫోన్ దగ్గరికి గుంజుకున్నడు. "అరె, నా లెక్కనే దిగిండు" అన్నడు. కుషీ అయితడనుకున్న. కాలే. "మస్తు నొప్పి ఉన్నది ఈనకు" అని ఫోన్ వాపస్ ఇచ్చిండు. సార్ మోకాలు మీద దిగింది చూసి నొప్పిని పసిగట్టిండు కాక. గంత చదువు చదివిన సార్‌కు మాత్రం కాక మోకాలు కనబడలే. కనబడ్డా చూడలే.

"గ్రూపుల పెడ్త కాకా. సాయంత్రం పెద్ద తెర మీద వేస్తరు."

"నాది పెట్టకు బిడ్డా. అండ్ల నా ప్యాంటుకు బెల్టు లేక తాడు కట్టుకున్న, పరువు పోతది." చెయ్యి కడుక్కున్నడు. "ఆయనది పెట్టు. ఆయన ఇస్త్రీ అంగిల ఉన్నడు."

పెట్టిన. ఇప్పుడే. సార్ మోకాలు మీద దిగింది, పెన్ను తీసింది. కింద ఒక్కటే మాట రాసిన, ఆయన మాటనే: "నాటకం." నీలం టిక్కులు పడ్తున్నయి ఒకటెనక ఒకటి. సీఆర్ కాల్ చేస్తున్నడు, ఎత్త. "నీకు మనసు లేదా" అని ఒకామె. "పేషెంట్ వీడియో బయట పెడ్తవా" అని ఇంకొకామె. కాకను క్లాసుల అంగి లేకుంట నిలబెట్టి నవ్వినప్పుడు ఆయన పేషెంట్ కాలేదు వీళ్లకు. "అంత నొప్పితోని వంగిన మనిషిని గట్లంటవా" అని వెన్నెముకగాడు.

అదే గద నేను అడుగుతున్నది. పెన్ను పడ్డది. తియ్యుమన్న. వంగి తీసిండు. ఆయన చెప్పిన పాఠం ప్రకారం, ఆయన పెట్టిన పరీక్ష ప్రకారం, ఆయన పెన్నుతోనే, నేను రాసిన ఆ ఒక్క మాటల తప్పేడున్నదో, మీరు చెప్పుండ్రి?